చీమకు దారముండదు

గుణుపురం దాటి వంశధార ఒడ్డున
ఐదు మైళ్ళు పోతే మా జీడితోట.
ఫాల్గుణం ఎండకి పళ్ళు పులిసి
నేలంతా సారా వాసన.
నేను కాటా దగ్గర ఉంటాను.
గింజలు తూస్తాను, చీటీ రాస్తాను,
చీటీ మీద పేర్లు ఒడియాలో రాస్తాను.

చెట్టుకి నాలుగైదు గూళ్ళు,
ఆకు అంచుకి ఆకు అంచు కలిపి
ఎర్రచీమలు కుట్టుకున్నవి.
వాటికి జడిసి పాము కూడా ఎక్కదంటారు.

వాటి దారిలోనే, వాటి రంగులోనే
అదొకటి తిరిగేది.
అదే సన్నపు నడుము, అదే తొందర.
రెండడుగులు ఇటు, రెండడుగులు అటు,
ఏదో మర్చిపోయినట్టు ఆగడం.
ముందుకాళ్ళు రెండూ పైకెత్తి
మీసాల్లా ఆడించేది.
ఎనిమిది కాళ్ళ పురుగు
ఆరింటితో నడవడం నేర్చుకుంది.
మిగిలిన రెండూ
ఊరివాళ్ళ కోసం.

మూడేళ్ళు దాన్ని చీమనే అనుకున్నాను.
తర్వాత కనిపెట్టాను:
అసలు చీమ ఎదురైతే
ఆకు వెనక్కి తప్పుకుంటుంది.
పిట్ట మోసపోతుంది, కందిరీగ వదిలేస్తుంది.
చీమ మాత్రం వాసన పట్టేస్తుంది, కరుస్తుంది.
చిన్న ఈగ దొరికిన పూటే దానికి భోజనం.
మగదాని కోరలు ఒంటిలో సగం పొడవు;
చచ్చిన చీమని నోట కరుచుకుపోతున్న
చీమలా కనబడుతుంది,
రెండు వేషాలు ఒకడే మోస్తున్నట్టు.

బడిలో మేస్టారికి పోలినాయుడు నోరు తిరగక
పోలై నాయక్ అని రాసుకున్నారు.
నేను దిద్దలేదు. మా అయ్యా దిద్దలేదు.
రేషన్ కార్డులో నాయక్,
నా ఇద్దరు పిల్లల పుట్టుక కాగితాల్లో నాయక్.
ఏరు దిగి కొత్తూరు సంతకి పోతే మటుకు
"ఒడిశా వోడొచ్చినాడు, ధర సూసి సెప్పు" అంటారు
నాకు తెలుగు రాదనుకుని, తెలుగులో.

ఆ రోజు సుకాంతి గమాంగో
పచ్చడికి చీమలు కావాలని
వెదురుకి కొడవలి కట్టి గూడు కోసింది.
కింద బిందెలో నీళ్ళు.
రాలాయి, వందలకి వందలు.
ఒకదాని కాలు ఒకటి పట్టుకుని
తెప్పలా తేలాయి.

ఒక్కటి రాలలేదు.
నీటికి జానెడు ఎత్తున
గాలిలో ఆగిపోయింది.
కంటికి ఆనీ ఆనని పోగు.
దాన్ని పట్టుకుని ఊగింది, పైకి పాకింది,
కొమ్మ దగ్గరవగానే
ఒక్క దూకు.

"చీమకు దారముండదు బాబూ,"
సవర యాస ఒడియాలో అంది సుకాంతి.
"చీమ దూకదు కూడా."

ఎటు పోయిందోనని నేను కొమ్మ కిందకి వంగాను.
మెడ మీద కుట్టింది
అసలు చీమ.
"ఓలమ్మోలమ్మ, సచ్చిపోనాన్రా!"

తోటంతా నవ్వింది.
గింజ వలిచే ముసలమ్మ కూడా నవ్వింది,
చేతులు జీడితో నల్లబడి,
నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని.
నా చెవులు కాలిపోయాయి.

సుకాంతి బిందెకి గుడ్డ కడుతూ
వచ్చీరాని తెలుగులో అంది:
"పన్నెండేళ్ళు నువ్వు తూస్తన్నావు.
బస్తాకో మాట నోట్లో గొణుగుతావు,
లాబం, రెండు, మూడు అని.
మాకు తెల్దా?"

మర్నాడు పొద్దున్నే వెతికాను.
ఎదుటి చెట్టుకి, చేతికందే కొమ్మకి,
ఆకు అడుగున తెల్లటి పట్టు దుప్పటి.
దాని కింద గుడ్లు.
గుడ్ల మీద అది.
ముందున్న పెద్ద కళ్ళు రెండూ
నా వైపు తిప్పింది.
లేవలేదు, దూకలేదు.
మీసాలు దించేసింది.
ఎనిమిదీ కాళ్ళే చేసుకుని
ఆకుకి ఆనించి కూచుంది.

ఆకుని మెల్లగా వదిలేశాను.
కాటా దగ్గర ఎవరో పిలుస్తున్నారు.
వెళ్ళి మొదటి బస్తా ఎత్తించి
అందరికీ వినబడేటట్టే అన్నాను:
లాభం.